కృష్ణవేణమ్మగారి వర్ధంతి సభ

కృష్ణవేణమ్మ చచ్చిపోయి నాలుగేళ్లయింది. ఆ సంగతి ఆమెకు ఆక్లండ్ వచ్చాకే తెలిసింది.

చంపింది పరాయివాళ్లెవరూ కాదు, కన్నకొడుకే. ఉదయభాస్కర్ అదే ఊళ్లో బోటనీ డౌన్స్‌లో సొంతిల్లు, పెద్ద ఐటీ ఉద్యోగం ఉన్న మనిషి. కవి కూడా. కరోనా రెండో విడత ఊళ్లను ఊడ్చేస్తున్న రోజుల్లో కృష్ణవేణమ్మ తెనాలి ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. న్యూజీలాండ్ తలుపులు మూసుకుని కూర్చుంది. వెళ్లినవాడు మళ్లీ ఎప్పుడు తిరిగి రాగలడో చెప్పే నాథుడు లేడు. ఇక మనసు గట్టి చేసుకోండని డాక్టరు ఫోన్లో చెప్పేశాడు. ఉదయభాస్కర్ వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాడు. అది నిజమైన ఏడుపే, ఆ మాత్రం ఒప్పుకోవాలి. ఏడుస్తూనే ఫోన్లో ఒక కవిత రాశాడు. పేరు 'ఆఖరి కాల్'.

తెర మీద నీ ముఖం ఆగిపోయింది
సిగ్నల్ పోయిందనుకున్నాను
పోయింది నువ్వని
ఎవరూ చెప్పలేదమ్మా

రాసినవాడు రాసుకుని ఊరుకోవచ్చుగా! ఫేస్‌బుక్‌లో పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి ఎక్కడెక్కడి తెలుగువాళ్లో దాన్ని చదివి ఏడ్చారు, పంచుకున్నారు, 'ఓం శాంతి' అని చేతులు జోడించారు. ఆ మధ్యాహ్నమే తెనాలిలో కృష్ణవేణమ్మ కళ్లు తెరిచి, గొంతు తడారిపోతోంది, కాసిని మజ్జిగ నీళ్లు పొయ్యమని నర్సుని అడిగింది.

వేరే ఎవరైనా అయితే మా అమ్మ బతికిందండోయ్ అని గంతులేసేవాడు. ఉదయభాస్కర్ కూడా సంతోషించాడు, కాదనలేం. కానీ కవిత మరీ బాగా కుదిరింది. అంతమందిని ఏడిపించాక, ఇప్పుడు లేచి అబ్బే ఆమె బాగానే ఉందండీ అంటే ఏం బాగుంటుంది? రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు ఒక పత్రికవాళ్లు ఫోన్ చేసి, అమ్మగారు పోయింది మొన్ననేనా అని అడిగారు. కాదనడానికి నోరు రాక అవునన్నాడు. ఆ తరువాత వాళ్లే అమ్మ మీద ఇంకా రాయమన్నారు. రాశాడు. అమ్మ చీర కుచ్చిళ్ల మీద రాశాడు, అమ్మ కలిపిన ఆవకాయ ముద్ద మీద రాశాడు, అమ్మ లేని ఆదివారం మీద రాశాడు. చుట్టాల్లో కవిత్వం చదివే రకం ఎవరూ లేరు గనక తెనాలి వైపునుంచి ప్రమాదం రాలేదు. అతని కూతురు శ్రీజ దూరాన డునెడిన్‌లో చదువుకుంటోంది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అలా కృష్ణవేణమ్మ బతికింది, ఆమె చావు కూడా హాయిగా బతికింది.

చిక్కంతా ఆమెకు వీసా రావడంతో వచ్చింది. భర్త పోయి ఒంటరిగా ఉన్న మనిషిని కోడలు నిహారికే పట్టుబట్టి రప్పించింది. వచ్చిన కొత్తలో ఇంటికి తెలుగు సంఘం అధ్యక్షుడు రాజారావు భార్యతో సహా వచ్చాడు. కృష్ణవేణమ్మ పకోడీల పళ్లెంతో హాల్లోకి రాగానే ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఈవిడ...?"

"మా పిన్నండీ. అమ్మ చెల్లెలు. సావిత్రి పిన్ని," అన్నాడు ఉదయభాస్కర్. గొంతు కూడా తొణకలేదు.

"అచ్చం అక్కగారి పోలికేనండీ! మీ అక్కయ్యగారి మీద అబ్బాయి రాసినవి చదివి మా ఆవిడ రెండ్రోజులు అన్నం తినలేదమ్మా," అన్నాడు రాజారావు కళ్లు తుడుచుకుంటూ.

కృష్ణవేణమ్మకు చెల్లెలు కాదు కదా, తోడబుట్టినవాళ్లే లేరు. పళ్లెం బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుంది. వాళ్లు వెళ్లిపోయాక కొడుకు వచ్చి పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

"ఏరా భాస్కరా, నేనింకా ఉండంగానే పోయానని రాసుకుంటావేంట్రా?"

"అప్పుడు డాక్టరే అన్నాడు గదమ్మా. ఇప్పుడు కాదంటే నా పరువేం గాను? అయినా పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుద్దని నువ్వేగా అనేదానివి!"

ఆమె నవ్వింది. కొడుకు నవ్విస్తే నవ్వకుండా ఉండే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు. ఏదో ఒక్కరోజు మాటేగా అనుకుంది. ఆ ఒక్కరోజు రెండేళ్లయింది. ఇంట్లో అమ్మ, గడప దాటితే పిన్ని. గుళ్లో పిన్ని, బోటనీ షాపింగ్ సెంటర్లో పిన్ని, వినాయక చవితి పందిట్లో పిన్ని. కోడలు సైతం నలుగురిలో చిన్నత్తయ్యా అని పిలవడం నేర్చుకుంది. ఎవరెవరో వచ్చి ఆమె చేతులు పట్టుకుని, మీ అక్కయ్యగారు ఎంత అదృష్టవంతురాలండీ, అలాంటి కొడుకుని కన్నది అనేవారు. ఆ కొడుకు ఇంట్లో అన్నం ముట్టడు. ఒళ్లు తగ్గాలని రాత్రిపూట ఆకులూ గింజలూ తింటాడు. ఆవకాయ వాసన కర్టెన్లకు పడుతుందని జాడీని గరాజ్‌లో పెట్టించాడు. అమ్మ ముద్ద మీద కవిత మాత్రం ఏ సభలో అడిగినా చూడకుండా చదువుతాడు.

ఆమెకు ఆవకాయ బాధ లేదు. ఒకటే బాధ. మనసులో మాట దాచుకునే మనిషి కాదు గనక, ఆ కవితలన్నీ 'ఆఖరి కాల్' పేరుతోనే పుస్తకంగా అచ్చవుతున్నాయని తెలిసిన రోజు అడిగేసింది.

"నాకు శాలువాలొద్దు, దండలొద్దు. నలుగుర్లో ఒక్కసారి అమ్మా అని పిలవరా. చచ్చేలోపు వినాలనుంది."

ఉదయభాస్కర్ కదిలిపోయాడు. కదలడం అతనికి చాలా సులువు. తల్లి మోకాళ్ల మీద తల పెట్టి, "పుస్తకావిష్కరణ నీ వర్ధంతి రోజున పెట్టారమ్మా. నీ ఫొటోకి దండేసి దీపం పెట్టాలంటున్నారు. ఆ దీపం నీ చేతే వెలిగిస్తా. నువ్వు వెలిగించగానే మైకు తీసుకుని, ఇదిగో మా అమ్మ, ఇక్కడే ఉంది అని చెప్పేస్తా. హాలంతా లేచి చప్పట్లు కొడతారు చూడు. ఒట్టు," అన్నాడు.

బతికున్న మనిషి ఫొటోకి దండేమిటని ఆమెకు గుండె గుభేలుమంది. అయినా కొడుకు నోట ఒట్టు అన్న మాట వచ్చాక ఇంకేం అడుగుతుంది! తన అరవయ్యో పుట్టినరోజు ఫొటో తనే వెతికి ఇచ్చింది. పెట్టె అడుగున ఉన్న మామిడిపిందెల అంచు కంచిపట్టు చీర తీసి, పొద్దున్నే ఇస్త్రీ చేసుకుని కట్టుకుంది. పెళ్లికూతురు కూడా అంత ఆత్రంగా కారెక్కదు.

న్యూ లిన్‌లోని హాలు నిండిపోయింది. వేదిక మీద నిలువెత్తు ఫొటో, చామంతుల దండ, కుంకుమ బొట్టు, ముందు దీపపు కుందె. తెర మీద హైదరాబాదు నుంచి ఒక పెద్ద విమర్శకుడు వీడియోలో కూర్చుని ఉన్నాడు. రాజారావు మైకు అందుకుని, కీర్తిశేషురాలు కృష్ణవేణమ్మగారి చిత్రపటం ముందు వారి సోదరి సావిత్రమ్మగారు జ్యోతి వెలిగిస్తారు అన్నాడు. ఆమె వెళ్లింది. దండ వేసుకుని నవ్వుతున్న తన ముఖం ముందు తనే వంగి వత్తి అంటించింది. అంటించి, కొడుకు వైపు తిరిగి నిలబడింది.

ఉదయభాస్కర్ మైకు దగ్గరికి వచ్చాడు. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే తెర మీది విమర్శకుడు గొంతు సవరించుకున్నాడు. "క్షమించాలి, ఒక శుభవార్త ముందే చెప్పేస్తాను. ఈ ఏటి స్మృతికావ్య పురస్కారం 'ఆఖరి కాల్'కి ఇవ్వాలని మా కమిటీ నిర్ణయించింది. ఇది కల్పన కాదు, ఒక కొడుకు నిజంగా పోగొట్టుకున్న తల్లి. ఆ నిజాయితీకే ఈ పురస్కారం," అన్నాడు.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఉదయభాస్కర్ తల్లి ముఖం చూశాడు, తెర వైపు చూశాడు. మళ్లీ తల్లి ముఖం చూడలేదు. "అమ్మ ఉంటే..." అని మొదలుపెట్టి గద్గదమైపోయాడు. ఆ గద్గదానికి మళ్లీ చప్పట్లు పడ్డాయి.

కృష్ణవేణమ్మ ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడు చెబుతాడు, ఈ కవిత అయ్యాక చెబుతాడు, దండం పెట్టి చెబుతాడు అనుకుంటూ ఉంది. కవితలన్నీ అయ్యాయి. శాలువా కప్పారు. రాజారావు ఆమెకు మైకిచ్చి, అక్కగారి గురించి రెండు ముక్కలు చెప్పమన్నాడు.

"నాకు అక్క లేదు బాబూ. నా పేరు సావిత్రి కాదు," అందామె. మైకు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "ఆ ఫొటోలో ఉన్నది నేనే. కృష్ణవేణిని. నేను చావలేదు. వీడు నా కొడుకు. ఒరే భాస్కరా, చెప్పరా!"

విమర్శకుడు కళ్లజోడు తీశాడు. అందరి కళ్లూ ఉదయభాస్కర్ మీద పడ్డాయి. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే పరువు పోతుంది, పురస్కారం పోతుంది, తల్లి దక్కుతుంది. అతను మెల్లగా వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"క్షమించండి. అమ్మ పోయినప్పటినుంచి పిన్నికి ఇలాగే అవుతోంది. తనే అమ్మ అనుకుంటుంది. డాక్టర్లు మతిమరుపు అంటున్నారు. నేనైతే అది ప్రేమ అనుకుంటాను."

ఆ మాటకు ముందువరసలో ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. వృద్ధాశ్రమంలో పనిచేసే ఒకావిడ వేదిక ఎక్కి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పసిపిల్లతో మాట్లాడినట్టు, "ఆంటీ, ఇవాళ ఏ వారమో చెప్తారా?" అని అడిగింది.

"శనివారం. నాకు మతి పోలేదమ్మా, వాడు అబద్ధం..."

"గుడ్ ఆంటీ. మరి ఈ దేశం ప్రధానమంత్రి పేరు చెప్పండి?"

కృష్ణవేణమ్మకు తెలియదు. ఆ హాల్లో ఉన్న కొందరికీ వెంటనే తట్టదు, కానీ వాళ్లనెవరూ అడగలేదు. ఆవిడ లేచి అందరి వైపు చూసి జాలిగా తలూపింది.

"నిహారికా, నువ్వు చెప్పవే. నేనెవర్నో చెప్పు," అంది కృష్ణవేణమ్మ.

నిహారిక ముఖం పాలిపోయింది. మొగుడి వంక చూసి, లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "రండి చిన్నత్తయ్యా, కూర్చుందురుగాని," అంది. కిందికి దిగుతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పిన్నిని ఇంత ప్రేమగా చూసుకునే కొడుకు ఇంకెక్కడ దొరుకుతాడని ఎవరో అంటున్నారు. భోజనాల దగ్గర ఎవరో ఆమె నోట్లో గులాబ్‌జామ్ పెడితే మింగింది.

కారు మోటార్‌వే ఎక్కాక ఉదయభాస్కర్ మొదలుపెట్టాడు. "అమ్మా, సారీ అమ్మా. అవార్డు అనేసరికి... నువ్వలా అడిగేస్తావనుకోలేదు. కొన్నాళ్లాగి నేనే సర్దిచెబుతా." వెనకసీట్లో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అలిగిందనుకున్నాడు. అలక తీర్చడం ఎంతసేపు! ఇంటికి వెళ్లగానే తనే కాఫీ కలిపి ఆమె గదికి తీసుకెళ్లాడు.

"అమ్మా, కాఫీ."

కృష్ణవేణమ్మ పట్టుచీర మడతపెడుతోంది. తలెత్తి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మీ అమ్మ పోయింది గదా బాబూ. నేను మీ పిన్నిని. సావిత్రిని."

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

ఆ రోజూ నవ్వలేదు, ఆ తరువాతా నవ్వలేదు. వండుతుంది, పెడుతుంది, పలకరిస్తే పలుకుతుంది. అమ్మా అంటే మాత్రం పలకదు. కోడల్ని చూసి మా అక్క కోడలు అంటుంది. డునెడిన్‌నుంచి శ్రీజ ఫోన్ చేసి నానమ్మా అంటే, "మీ నానమ్మ లేదు తల్లీ, నేను చిన్ననానమ్మని," అని చెప్పి, ఆ పిల్ల భోరుమంటుంటే ఫోన్ కోడలికిచ్చేసి, స్నానాల గదిలోకెళ్లి గడియ పెట్టుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. మతి ఎక్కడికీ పోలేదు. వాడు వేసిన వేషాన్ని వాడి ఇంట్లోనే, వాడి కళ్లముందే వేస్తోంది, అంతే. కొడుకు గొంతు నలుగుర్లో వినాలని దేవులాడిన మనిషి, ఇప్పుడు ఇంట్లో వినిపిస్తుంటే చెవులు మూసుకుంటోంది. మూసుకున్న ప్రతిసారీ ఆమెకే ఎక్కువ నొప్పి పుడుతోంది. అయినా తగ్గలేదు.

ఉదయభాస్కర్ మొదట కోప్పడ్డాడు. తరువాత బతిమాలాడు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, ఈయన మీకేమవుతారని దుభాషీ చేత అడిగించారు. మా అక్క కొడుకని చెప్పింది ఆమె. డాక్టరు ఉదయభాస్కర్ భుజం తట్టి, మతిమరుపు పరీక్షలకు పెద్దాసుపత్రికి రాశాడు.

ఆదివారం పొద్దున వంటింట్లో ఆమె చారుకు పోపు వేస్తుంటే అతను వచ్చి వెనక నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. కొన్నాళ్లుగా ఒక్క ముక్క రాయలేదు. "అందరికీ చెప్పేస్తానమ్మా. రాజారావుకి ఇప్పుడే ఫోన్ చేస్తా. అవార్డు వద్దని రాసేస్తా. ఒక్కసారి ఏరా భాస్కరా అనవే," అంటూ నేల మీద కూలబడ్డాడు. ఏడుపు లోపల్నుంచి తన్నుకొచ్చింది. ముక్కు కారుతోంది, మాట తెగిపోతోంది. చూసేవాళ్లు లేరు, మైకు లేదు. నిజమైన ఏడుపే.

గరిటె పక్కన పెట్టి ఆమె వంగింది. చెయ్యి అతని తల దాకా వెళ్లింది, జుట్టు తగిలింది. ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది. వేదిక మీద తన భుజం మీద పడ్డ చెయ్యి గుర్తొచ్చింది. ఆమె పరాయివాళ్లను ఓదార్చినట్టు మెల్లగా అతని తల నిమిరింది.

"ఏడువు నాయనా, ఏడువు. తల్లి పోయినవాడివి, ఏడవకపోతే ఎట్టా?"