కింది గడియ

ఇల్లు కొనేటప్పుడు నేను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అది తప్ప అన్నీ అడిగాను. బోరులో నీళ్ళు ఎండాకాలం ఉంటాయా, వాస్తు సరిగ్గా ఉందా, వంటింటి పొగ ఎటు పోతుంది, అన్నీ. మా పుట్టింట్లో నన్ను మహా గడుసుపిల్ల అని చెప్పుకుంటారు. వాళ్ళకేం, చెప్పుకుంటారు.

అది రెండువేల ఆరు. మాదాపూర్ కంపెనీల్లో జీతాలు ఏడాదికోసారి ఎగిరి పైమెట్టు మీద కూర్చుంటున్న రోజులు. మా ఆయన సాయిశ్రీనివాస్ అలాంటి కంపెనీలోనే మేనేజరు. ఫిల్మ్‌నగర్‌లో సొంత ఇల్లంటే, అదీ అపార్ట్‌మెంటు కాకుండా గేటూ మేడా మందారచెట్టూ ఉన్న ఇల్లంటే, ఆయనకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ వీధిలో ఎవరూ ఇవ్వనంత తక్కువకు వస్తోందనేసరికి నాకూ ఆనలేదు.

మేడ మీద ఒకటే పడగ్గది. దాని టేకు తలుపు మీద, గడియ ఉండే చోటు చుట్టూ, ఏడెనిమిది లోతైన గాట్లు ఉన్నాయి. లక్క నింపి పాలిష్ పట్టించారు గాని దాగలేదు. ఇవేమిటని అడిగితే బ్రోకరు నర్సింహ నవ్వాడు.

"షూటింగ్ అమ్మా, ఫైట్ సీను. గీ గల్లీల షూటింగ్ కాని ఇల్లు ఏదున్నది, చెప్పుండ్రి."

నేను నమ్మేశాను. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కాని ఫిల్మ్‌నగర్‌లో అంతే. గోడ మీద ఎర్రమరక కనిపిస్తే సినిమా రక్తం అనుకుంటాం, పక్కింట్లో కేక వినిపిస్తే రిహార్సల్ అనుకుంటాం. మా ఆయనైతే ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చినప్పుడల్లా వాళ్ళను మేడెక్కించి ఆ గాట్లు చూపించేవాడు. ఏ హీరో కొట్టి ఉంటాడని పందేలు వేసుకునేవారు. ఆ గది మా లాస్యకు ఇచ్చాం. దానికి ఆరేళ్ళు.

ఇల్లు అమ్మిన త్రినాథరావుగారికి డెబ్భై దాటాయి. మాలాగే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. భార్య పోయిందని, ఇంత ఇంట్లో ఒంటరిగా ఉండలేక షేక్‌పేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్నానని చెప్పారు. ఒక్కటే కోరారు. శుక్రవారం శుక్రవారం వచ్చి దేవుడికి నాలుగు మందారాలు కోసుకుంటానన్నారు. పెద్దాయనను వద్దని ఎలా అంటాం? నేను బాబాయిగారూ అన్నాను, లాస్య తాతగారూ అంది. నెల తిరిగేసరికి శుక్రవారం సాయంత్రాలు దాన్ని స్కూలు బస్సు దగ్గర దింపుకుని ఇంటికి తెచ్చేదీ, నేను టీ పెట్టేలోపు దాన్ని ఆడించేదీ ఆయనే అయ్యారు.

మా గేటు గడియకు కాస్త తిక్క ఉండేది. పైకెత్తి, ఎడమకు నొక్కి, అప్పుడు లాగితేగాని రాదు. పాలవాడూ కొరియరువాడూ దానితో కుస్తీ పట్టేవాళ్ళు. మా ఆయనైతే ఆరు నెలలైనా నాలుగుసార్లు గుంజి, విసుక్కుని, హారన్ కొట్టి నన్ను పిలిచేవాడు. త్రినాథరావుగారు మాత్రం ఒక్క వేలితో, ఒక్కసారికే తీసేసేవారు. ఏళ్ళ తరబడి తీసిన చెయ్యి కదా మరి.

ఒకనాడు ఆయన సంచిలో కొత్త ఇత్తడి గడియ ఒకటి తెచ్చారు. లాస్య గది తలుపుకు లోపలివైపు, బాగా కిందుగా, పిల్ల చేతికి అందే ఎత్తులో తనే కూర్చుని బిగించారు. ఆడుకుంటుందమ్మా అన్నారు. పసిపిల్లలున్న ఇంట్లో, లోపల ఇరుక్కుంటారన్న భయంతో ఉన్న గడియలు పీకేస్తారు గాని ఎవరైనా కొత్తవి పెడతారా? ఆ మాత్రం ఆలోచన నాకు రాలేదు. ముచ్చటపడి తెచ్చారు, కాదంటే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలకు ఒక సినిమా కంపెనీవాళ్ళు మా ఇల్లు మూడు రోజులు షూటింగుకు అడిగారు. మా ఆయన ఎగిరి గంతేశాడు. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వడ్రంగి తిరుమలేశ్ కృష్ణానగర్ నుంచి టేపు పట్టుకుని వచ్చాడు. కథలో మేడ మీది తలుపు బద్దలు కొట్టాలట. ఇదివరకు షూటింగులో పడ్డ గాట్లు ఉండనే ఉన్నాయి, ఇంకో నాలుగు పడితే ఏముందిలే అని నేను పెద్ద తెలిసినదానిలా అన్నాను. అతను గాట్ల మీద బొటనవేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు.

"గివి షూటింగ్ దెబ్బలు కావమ్మా," అన్నాడు చివరికి. "ఇంటోళ్ళ తలుపు మీద మేము గీత పడనియ్యం. ఊడదీసి, బొంత కప్పి, పక్కకు పెడ్తం. దాని జాగల పల్చటి ప్లైవుడ్‌తోని డమ్మీ తలుపు కడ్తం, పగిలేది గదే. షూటింగ్ అయినంక అసలు తలుపు మళ్ళ మేమే బిగిస్తం. ఏ కంపెనీ అయినా గంతే."

తర్వాత లోపలికి వెళ్ళి, తలుపు దగ్గర నేను పరిచిన తివాచీ ఎత్తి చూశాడు. పాలరాతి మీద గోడ నుంచి తలుపు దాకా రెండు గీతలున్నాయి. నేను రోజూ చూస్తున్నవే. సామాను జరిపినప్పుడు పడ్డాయనుకుని తివాచీ కప్పాను.

"లోపల ఎవరో మంచం గుంజి తలుపుకు అడ్డం పెట్టిండ్రు. బయట దిక్కు నుంచి గొడ్డలితోని కొట్టిండ్రు. నాకు ఎరుకైంది చెప్పిన, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు తిరుమలేశ్. కొలతలు తీసుకోకుండానే టేపు చుట్టేసి వెళ్ళిపోయాడు.

భయం వేసింది నాకు. అంత భయం నా జన్మలో ఎరగను. ఆ తలుపు వెనక నా బిడ్డను ఆరు నెలలుగా పడుకోబెడుతున్నాను. భార్య పోయింది అన్నారు పెద్దాయన. ఎలా పోయిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఇంట్లో ఉన్న మగవాడంటే నాకు తెలిసినవాడు ఆయనొక్కడే. అలాంటి మనిషి చేతికి ప్రతి వారం నా పిల్లను అప్పగిస్తున్నాను. ఫోన్ సిగ్నల్ పెరటి గట్టు దగ్గరగాని రాదు. అక్కడ నిలబడి మా ఆయనకు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మీటింగ్‌లో ఉన్నానని కట్ చేశాడు. అప్పుడు వాచీ చూసుకుంటే నాలుగూ పది. బస్సు వచ్చే వేళ దాటిపోయింది.

పైనుంచి తలుపు బాదుతున్న చప్పుడు వినిపించింది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. లాస్య స్కూలు బ్యాగు మెట్ల మీద పడి ఉంది. త్రినాథరావుగారు తలుపుకు నుదురు ఆనించి, అరచేతులతో దాన్ని కొడుతున్నారు. గొంతు మాత్రం ఎంతో మెత్తగా ఉంది.

"తియ్యమ్మా. నేను చెబుతున్నానుగా, వాడు చల్లబడ్డాడు. ఏమీ చెయ్యడు. తియ్యి."

నేను చొక్కా పట్టుకుని ఆయన్ను వెనక్కి లాగేశాను. పాపం పెద్దవాడు, గోడకు తగిలి కూలబడ్డారు. అప్పుడు నాకు ఆ పాపం తోచలేదు. లాస్యా, అమ్మనే, తలుపు తియ్యి అని అరిచాను. లోపల చప్పుడు లేదు. మళ్ళీ పిలిచాను. గొంతు పగిలేలా పిలిచాను.

"తియ్యదమ్మా," అన్నారాయన కింద నుంచే. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "తియ్యకూడదని నేనే నేర్పాను. ఎవరు పిలిచినా. తీస్తే ఓడిపోయినట్టు."

అప్పుడు చెప్పారు. ఆయనకో కొడుకున్నాడు. కోడలి పేరు మనోజ. ఏడేళ్ళ కిందట, ఒక పట్టపగలు, కొడుకు గొడ్డలి తీసుకుని వెంటపడితే ఆ అమ్మాయి ఈ గదిలో దూరి, గడియ పెట్టి, మంచం అడ్డం లాగింది. టేకు తలుపు ఊడలేదు. కొట్టి కొట్టి వాడు అలిసిపోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా. కోపం దిగిపోయిందనుకుని ఈయనే తలుపు తట్టి, బయటికి రమ్మని పిలిచారు.

"తలుపు నిలబడిందమ్మా. నా మాటే నిలబడలేదు. మామయ్యగారు చెప్పారు కదా అని తీసింది."

ఆ హత్యకు కొడుక్కి శిక్ష పడింది. భార్య ఆ దిగులుతోనే మంచం పట్టి పోయింది. ఇల్లు కొనేవాళ్ళకు నిజం చెబితే వీధి చివర నుంచే వెనక్కి తిరిగేవారట, అందుకే నర్సింహ చేత షూటింగ్ అనిపించారట. నాకు జాలి వేయలేదు, ఒళ్ళు మండిపోయింది. ఇదంతా ఇవాళ ఎందుకు చెబుతున్నారని అడిగాను.

"వాడిని త్వరలో వదిలేస్తారని నెల కిందటే విన్నాను, నిన్న వదిలేశారు. పొద్దున తెలిసింది. ఇల్లు అమ్మేశానని వాడికి చెప్పలేదు, చెప్పే ధైర్యం లేకపోయింది. నేరుగా ఇక్కడికే వస్తాడు. మీతో చెబుదామనే వచ్చానమ్మా, నోరు రాలేదు. పిల్ల గడియ పెట్టుకోగలదో లేదో ఇంకొక్కసారి చూద్దామని..."

ఒక్క క్షణం కూడా ఆ ఇంట్లో ఉండకూడదనిపించింది. పిల్లను చంకనేసుకుని, ఆటో ఎక్కి, మా ఆయన ఆఫీసులో పడాలి. మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించుకుని, బుజ్జగించాను. ఆట అయిపోయింది, నువ్వే గెలిచావు, నాన్న దగ్గరికి వెళ్దాం, ఐస్‌క్రీమ్ కొనిపెడతానన్నాను. లోపల నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

"నాకు తెలుసు. నువ్వు ఇలాగే అంటావని తాతగారు చెప్పారు. తియ్యను."

తాతగారి చేత కూడా చెప్పించాను. ఆయన చెప్పారు, బతిమాలారు. ఆయనెంత బతిమాలితే అది అంత నవ్వింది. మూడు వారాల చదువు బాగా వంటబట్టింది నా తల్లికి.

అప్పుడు కింద గేటు గడియ కదిలింది. మా ఆయన అయితే నాలుగుసార్లు గుంజుతాడు, హారన్ కొడతాడు. చెవులు రిక్కించి ఆ హారన్ కోసం చూశాను. పైకెత్తిన చప్పుడు, ఎడమకు నొక్కిన చప్పుడు. గేటు ఒక్కసారికే తెరుచుకుంది.

త్రినాథరావుగారు గోడ పట్టుకుని లేచారు. మెట్ల పైన అడ్డంగా నిలబడ్డారు.

"నాన్నా," అని కింద ఎవరో పిలిచారు. కోపం ఏమీ లేదు ఆ గొంతులో. చాలా రోజులకు ఇంటికి వచ్చినవాడు పిలిచినట్టే పిలిచాడు.

నేను తలుపు గాట్ల దగ్గర నోరు పెట్టి, నా బిడ్డకు మాత్రమే వినిపించేలా చెప్పాను.

"తియ్యకు బంగారూ. ఆట అవలేదు. ఇక మీదట నేను ఏడ్చినా, నేను అరిచినా, నువ్వు తియ్యకు."