గడసరి పిలుపు

కౌజు అనగానే ఫారాల్లో గంపలకొద్దీ పెంచి హోటళ్ళకి తోలే బొద్దుపిట్ట అనుకునేరు. అది కాదు. ఇది చేలగట్ల మీదా తుమ్మకంపల్లోనూ తిరిగే అడవి కౌజు. నాటుకోడి పిల్లంత ఉంటుంది. మట్టిరంగు కాబట్టి ఎదురుగా నిలబడినా కనపడి చావదు. కానీ నోరు విప్పిందా, చెప్పొద్దూ, ఊరి పొలిమేర దాకా దానిదే రాజ్యం.

అలాంటి కౌజుల్లో కూడా గొంతంటే మార్కు ఇంట్లోని పిట్టదే. దాని పేరు గడసరి.

మార్కు మిరపచేలకి మందు కొట్టి, కోతలయ్యాక మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, మోసి బతికే మనిషి. పని లేని రోజుల్లో కౌజులు పట్టి హైవే మీద ధాబాలకి ఇచ్చేవాడు. ఒకసారి కాలవగట్టు మీద గడ్డి కోస్తుంటే గుడ్డొకటి దొరికింది. ఇంటికి తెస్తే అతని భార్య రెబ్కా దాన్ని పొదుగుతున్న కోడి కింద పెట్టింది. పిల్ల లేచింది. ఇక మార్కుని పట్టుకోవడం ఎవరి తరం! చేల వెంట చెదపుట్టలు తవ్వి, చెదపురుగులు తెచ్చి, అరచేతిలో పెట్టి మేపాడు. వానొస్తే తన తువ్వాలు కప్పాడు. "కడుపున పుట్టినోళ్ళని ఒక్కపూటన్నా ఇట్టా చూశావా?" అని రెబ్కా దెప్పేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చూడలేదు.

పెరిగాక దాన్ని పిలుపుపిట్టని చేశాడు. పద్ధతేమిటంటే, తెల్లవారుతుండగా గుడ్డ కప్పిన పంజరాన్ని గట్టు మీద పెడతారు. చుట్టూ నైలాను ఉచ్చులు వరసగా పాతుతారు. మార్కు కంప చాటున కూర్చుని, ఒక తాడు లాగి పంజరం మీది గుడ్డ జార్చేవాడు. వెలుతురు కళ్ళపడగానే గడసరి మెడ సాచి "కిలా... కికిలా... కికిలా..." అని ఎత్తుకునేది. ఎక్కడో చేల్లోంచి పుంజు బదులు పలికేది. పలుకుతూ పలుకుతూ దగ్గరికొచ్చేది. మార్కు చూపెప్పుడూ ఉచ్చు మీదే. దారం కదిలిందా, ఒక్క దూకు! మెడ తిప్పడం, సంచిలో వేసుకోవడం, అంతే.

మిగతా వేటగాళ్ళు పుంజుల్ని పెట్టి పిలిపించేవాళ్ళు. పుంజు గొంతు వింటే ఇంకో పుంజు తగవుకొస్తుంది, అది లోకమెరిగిన సంగతే. మార్కుది పెట్ట. పెట్టకూత విని పుంజులు ఎందుకొస్తున్నాయని అతనెప్పుడూ ఆలోచించిన పాపాన పోలేదు. వాటికి పొగరు, తమ గట్టు మీద ఇంకొకరు కూస్తే ఓర్వలేవు, అందుకే వస్తున్నాయనుకున్నాడు. ఒక్కటి మాత్రం విచిత్రంగా ఉండేది. ఉచ్చులో పడ్డ పుంజు ముక్కున తరచూ ఏదో ఒకటి ఉండేది, పురుగో, పుల్లచీమో, గింజో.

"చూడవే వీడి కక్కుర్తి! మింగేదాకా ఆగలేక నోట్లో ముద్దతోనే కొట్లాటకొచ్చాడు. తిండిపోతు సచ్చినోడు!" అని ఇంటికొచ్చి సంచి దులిపేవాడు మార్కు. రెబ్కా పకపకా నవ్వేది. ఆ పురుగుని ముక్కులోంచి లాగి కోళ్ళకి పడేసి, ఈకలు పీకడానికి కూర్చునేది. "ఇయ్యాళ ఎన్ని తిండిపోతులు?" అని అడగడం ఆ ఇంట్లో మామూలైపోయింది.

ఇలా సాగుతుండగా ఈ ఏడు మిరపకోతల్లో ఊళ్ళోకి ఆటో వచ్చింది, మైకు కట్టుకుని. చేలల్లో పిట్టలు బొత్తిగా తగ్గిపోతున్నాయి కాబట్టి ఎవరి దగ్గర ఏ వల ఉన్నా, ఏ ఉచ్చు ఉన్నా పంచాయతీ ఆఫీసుకి తెచ్చి చూపించాలట. పంట కాపలాకి వేసే వలలకి నంబరేసి సీలు కట్టి ఇచ్చేస్తారట. పిట్టలు పట్టే సరంజామా ఏదైనా సరే, అక్కడే ఇచ్చెయ్యాలట. ఆ తర్వాత ఎవరింట్లో దొరికినా కేసేనట.

"గేదెల చెవులకి బిళ్ళలేశారు, మనుషులకి ఆధారు కార్డులిచ్చారు, ఇక నా జొన్నచేలో వలకి కూడానా!" అన్నాడు బుల్లయ్య. మార్కు ఎక్కువగా పని చేసేది ఆయన చేలోనే. అన్నాడే గానీ పొద్దున్నే వల భుజాన వేసుకుని అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు.

సీళ్ళు వెయ్యడానికి వచ్చినావిడ అటవీశాఖ బీట్ ఆఫీసరు, పేరు ఆరాధన. ఒంగోలు పిల్ల. మార్కు కూతురి వయసే ఉంటుంది. మాట మెత్తన, చూపు మాత్రం చురుకు. మార్కు తన ఉచ్చులన్నీ తెచ్చి ఆమె ముందు కుప్ప పోశాడు. చేత్తో పేనుకున్న ఉచ్చులవి, ఒక్కొక్కటీ పెడుతుంటే ప్రాణం ఉసూరుమంది.

"ఇంకేమన్నా ఉన్నాయా, మార్కు గారూ?"

"లేవమ్మా. ఉంటే దాస్తానా?"

దాచాడు! పక్కనే ఉన్న బుల్లయ్య కళ్ళంలో, ఎండబోసిన మిరపకాయల రాశుల వెనక, బోర్లించిన గంప కింద పంజరంలో గడసరి ఉంది. మండుటెండలో ఆ ఘాటులోకి ఏ ఆఫీసరైనా అడుగు పెడుతుందా అని మార్కు ధీమా. పిట్టలకి మిరపఘాటు ఆనదని అతనికి తెలుసు. ఎంతైనా తెలివైనవాడు. కానీ ఆ పిట్ట తన కంటే గడసరి అని ఆ క్షణానికి మర్చిపోయాడు.

"ఏసయ్య తోడు, ఇంకేం లే..." అనబోతుంటే రెబ్కా అతని జబ్బ గిల్లింది. సరిగ్గా అప్పుడే కళ్ళంలోంచి "కిలా! కికిలా! కికిలా!" అని గొంతు లేచింది.

పంచాయతీ ఆఫీసులో తలలన్నీ కళ్ళం వైపు తిరిగాయి. బుల్లయ్య ఆగలేకపోయాడు.

"ఒరేయ్ మార్కూ, నా మిరపకాయలు కూస్తన్నాయిరా!"

జనం విరగబడి నవ్వారు. ఆరాధన ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, ఎర్రటి రాశుల మధ్యగా నడిచి వెళ్ళి గంప ఎత్తింది. గడసరి ఏమాత్రం బెదరలేదు. ఆమె మొహంలోకి తేరిపార చూసి, మెడ సాచి మళ్ళీ కూసింది. ఆరాధన దగ్గు మర్చిపోయి అలాగే గొంతుక్కూర్చుండిపోయింది. అంత చిన్న ఒంట్లోంచి అంత గొంతు ఎలా వస్తుందో ఆమెకి అంతుపట్టలేదు.

తేరుకుని లేచింది. "ఇది కూడా ఇచ్చెయ్యాలండీ. పిలుపుపిట్ట ఉచ్చు కిందే లెక్క. నిజానికి అసలు ఉచ్చు ఇదే."

మార్కుకి ఒళ్ళు మండింది. "పిట్ట ఉచ్చేందమ్మా! నా అరచేతిలో పెరిగింది. దారమైతే తీసుకో, తాడైతే తీసుకో. దీనికి ప్రాణముంది."

"ప్రాణముంది కాబట్టే అడుగుతున్నాను. వదిలెయ్యండి."

"వదిలితే బతకదు. గద్దంటే తెలీదు, పిల్లి అంటే తెలీదు. పూటలో చస్తది." అంటూనే మార్కు పంజరాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు.

ఆరాధన ఘాటుకి కారుతున్న కళ్ళు తుడుచుకుంది. "గుడ్డు దొరికిన గట్టు గుర్తుందా? రేపు పొద్దున అక్కడికే తీసుకురండి. నేనూ వస్తాను. పంజరం తలుపు తీద్దాం. వెళ్తే దాని వాళ్ళలో కలుస్తుంది. వెళ్ళకపోతే బయట బతకలేదని ఒప్పుకుని జూకి పంపిస్తాను. ఏదైనా సరే, మీ ఇంటికి మాత్రం రాదు. ఈ ఒక్క పూటకీ మీ పూచీ."

ఆ సాయంత్రం మార్కు అన్నం ముట్టలేదు. పంజరం ముందు కూర్చుని చెదలు ఒక్కొక్కటే అందిస్తూ పోయాడు. రెబ్కా కంచం తెచ్చి పక్కన పెట్టి, "దాని వాళ్ళందర్నీ మనమే కదయ్యా తినేశాం. ఇంకెవరున్నారని పోద్ది?" అంది. మామూలుగా అంటే నవ్వొచ్చే మాటే. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

తెల్లవారుతుండగా ముగ్గురూ కాలవగట్టు చేరారు. మంచు ఇంకా చేల మీదే ఉంది. చివరి కోతకి మిగిలిన పండుమిరప ఆ మంచులో ఎర్రెర్రగా తొంగిచూస్తోంది. దూరాన హైవే మీద చీమకుర్తి గ్రానైటు రాళ్ళ లారీలు మూలుగుతున్నాయి. మార్కు పంజరాన్ని గట్టు మీద పెట్టాడు. గుడ్డ తాడుతో పాటు తలుపుకి ఇంకో తాడు కట్టాడు. అలవాటు కొద్దీ చెయ్యి మొలకి పోయింది ఉచ్చుల కోసం. అక్కడేమీ లేదు. చేతులు ఊపుకుంటూ వచ్చి కంప చాటున వాళ్ళిద్దరి పక్కన కూర్చుని తాడు లాగాడు.

గుడ్డ జారింది. గడసరి ఒళ్ళు దులుపుకుని ఎత్తుకుంది.

మార్కుకి ఎటు చూడాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ దారాన్నే చూసిన కళ్ళు. చూడ్డానికి దారం లేకపోయేసరికి, మొదటిసారి వినడం మొదలుపెట్టాడు. మొదట ఏమీ లేదు. తర్వాత బుల్లయ్య మిరపచేలోంచి ఒక గొంతు పలికింది. కాలవ అవతలి పత్తిమోళ్ళలోంచి ఇంకొకటి. ఎక్కడో పొగాకు ఆరబెట్టే బ్యారను వైపు నుంచి మరొకటి. చూస్తుండగానే ఆ దిక్కు, ఈ దిక్కు అని లేకుండా నేలే పలుకుతోంది. ఓర్నాయనో, ఇన్ని ఉన్నాయా ఇంకా! ఇన్ని పట్టాక కూడా ఇన్ని మిగిలాయా! మార్కు తెలియకుండానే తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, చర్చిలో కూర్చున్నట్టు.

మిరపసాళ్ళ మధ్యనుంచి ఒక పుంజు బయటికొచ్చింది. నాలుగడుగులు పరుగెత్తి ఆగింది. తల ఎత్తి విన్నది. మళ్ళీ పరుగెత్తింది. దాని ముక్కున ఏదో మెలికలు తిరుగుతోంది. పచ్చటి పురుగు, మిరపకాయని తొలిచే శనగపచ్చ పురుగు.

"తిండిపోతు," అని రెబ్కా గొణిగింది అలవాటుగా.

పుంజు సరిగ్గా ఉచ్చులుండే చోటుకొచ్చి నిలబడింది. మార్కు కాళ్ళు వాటంతటవే దూకడానికి సిద్ధమయ్యాయి. పుంజు ఆ చోటు దాటింది. గడసరి పిలుపు విని ఆ చోటు దాటిన మొదటి పిట్ట అదే. ఆ తర్వాత ఏం జరుగుతుందో మార్కు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు.

పుంజు పంజరం దగ్గరికి వెళ్ళింది. ఈకలు రిక్కించలేదు, కాలు దువ్వలేదు. తల వంచి, నోట్లో పురుగుని తీసి పంజరం ఊచల ముందు నేల మీద పెట్టింది. పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. గొంతులోనే సన్నగా "కుక్, కుక్" అని ఏదో అంది. పొలమంతా చుట్టే కేక కాదది. పక్కనున్న వాళ్ళకి తప్ప వినపడని మాట. కౌజులకి అలాంటి మాటొకటి ఉందని కూడా మార్కుకి తెలియదు.

గడసరి కూత ఆపేసింది. ఊచల్లోంచి మెడ సాచి పురుగుని అందుకుంది. పుంజు ఒక రెక్క నేలకి జీరాడేలా వాల్చి, గడసరి తింటున్నంతసేపూ చుట్టూ తిరిగింది. తనకంటూ ఒక్క గింజ కూడా ఏరుకోలేదు.

మార్కుకి ఇన్నేళ్ళ పుంజులూ, వాటి ముక్కుల్లో మింగని పురుగులూ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. ఏ ఒక్కటీ తగవుకి రాలేదు. పిలిచిందని వచ్చాయి, వట్టి చేతులతో రాకూడదని తెచ్చాయి. గొంతుకి ఉచ్చు బిగిసినా వదల్లేదు.

రెండో తాడు లాగాడు. తలుపు లేచింది. పుంజు ఉలిక్కిపడి ఎగిరి మళ్ళీ వాలింది గానీ పారిపోలేదు. గడసరి ఒక కాలు బయటపెట్టి వెనక్కి తీసుకుంది. మార్కు పెదవులు కదులుతున్నాయి. "పో తల్లీ" అంటున్నాడో "పోవద్దు" అంటున్నాడో అతనికే తెలియదు. పుంజు మళ్ళీ ఆ సన్నటి మాట అంది. గడసరి బయటికొచ్చింది. అరచేతిలో తప్ప మట్టి మీద మేత ఎరగని పిట్ట నేలని ఒకసారి పొడిచి చూసుకుని, పుంజు వెనకే నడుచుకుంటూ మిరపసాళ్ళలోకి వెళ్ళిపోయింది. ఒక్కసారి వెనక్కి తిరుగుతుందేమోనని మార్కు ఎదురుచూశాడు. తిరగలేదు.

ఆరాధన చున్నీతో కళ్ళు తుడుచుకుంది. ఈసారి మిరపఘాటేమీ లేదు.

"ఏందయ్యా, అట్టా అయిపోయావ్?" అంది రెబ్కా, మొగుడి భుజం పట్టుకుని. "బతుకుద్దిలే. చూశావుగా, ఎంత బాగా చూసుకుంటన్నాడో."

మార్కు ఖాళీ పంజరం వైపే చూస్తూ అన్నాడు.

"వాళ్ళు తిండిపోతులు కాదే, రెబ్కా. మన పిల్లకి పెట్టడానికి తెచ్చారే."

రెబ్కా ఆ ముక్కుల్లోంచి పురుగులు లాగి కోళ్ళకి పడేసిన కుడిచేతిని కొంగుతో తుడుచుకుంటూ, గట్టు మీద అలాగే కూలబడింది.