మూడు కుదుపులు

ఈశ్వరి చేటలో బియ్యం పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతోంది. పక్కనే గుమ్మం మెట్టు మీద కూర్చుని కూతురు అరుణశ్రీ ఒక నల్లటి రబ్బరు రింగును మెత్తని గుడ్డతో తుడుస్తోంది. చేతి గాజంత రింగు అది. నీళ్ళలో దింపి నడిపే రోబో ఒంటికీ మూతకీ మధ్య కూర్చుంటుంది. దాని మీద ఇసక రేణువున్నా, వెంట్రుకున్నా, ఆ సందులోంచి నీళ్ళు లోపలికి పోయి యంత్రం పాడైపోతుంది. అందుకని రోజూ నీళ్ళలోకి దింపే ముందు తుడవాలి, జిడ్డు రాయాలి, వెలుగులో తిప్పి చూడాలి.

"ఇలాగియ్యి," అని ఈశ్వరి చెయ్యి చాపింది. రింగును ఎండకేసి ఒక్కసారి తిప్పి, రెండు గోళ్ళతో ఏదో లాగి విదిలించింది. "నెరిసిన ఎంటిక. మీ నాన్నదే. రాత్రి ఆ రోబో పక్కన తొంగున్నాడు కాదేటి!"

"నీ గురకకి జడిసి ఎల్లినాను. అది గురక పెట్టదు," అన్నాడు అసిరయ్య పెరట్లోంచి.

రోబో పసుపు రంగుది. తాబేలంత ఉంటుంది. నాలుగు మూలలా చిన్న పంకాలు, ముందు రెండు దీపాలు, కెమెరా, కెమెరాకి కనబడని చోట శబ్దం పంపి దారి చూసే పరికరం. వెనకాల పొడుగాటి తీగ. ఒడ్డున కూర్చుని అరుణశ్రీ ఆ తీగ ద్వారానే దాన్ని నడుపుతుంది. ఈశ్వరి దానికి చిన్న కూర్మయ్య అని పేరు పెట్టింది. చూడ్డానికి తాబేలులా ఉందని ఒకటి, తన అన్న కూర్మయ్యని ఉడికించొచ్చని ఇంకొకటి.

పెద్ద కూర్మయ్యా, అసిరయ్యా ఇరవై ఏళ్ళు కలిసి నూతుల పని చేశారు. వేసవిలో ఊళ్ళు తిరిగి నూతుల్లో పూడిక తీసేవాళ్ళు. మిగతా రోజుల్లో పట్నంలో పంపుహౌసు నుంచి కబురొచ్చేది. మురుగునీళ్ళు చేరే పెద్ద నుయ్యి ఉందక్కడ. అడుగున ఏదైనా అడ్డం పడితే అసిరయ్య నడుముకి మోకు కట్టుకుని ఆ నల్లటి నీళ్ళలోకి దిగి, చేతులతో తడిమి తీసేవాడు. పైన మోకు పట్టుకునేది కూర్మయ్య. అసిరయ్య తిరిగి ఇంటికొచ్చేదాకా ఈశ్వరి పొయ్యి వెలిగించేది కాదు. ఒకసారి లోపలి విషపు గాలికి స్పృహ తప్పిన అసిరయ్యని కూర్మయ్య ఒక్కడే పైకి లాగాడు. అప్పుడు అరుణశ్రీ ఏడో తరగతి.

తరవాత ఆ పిల్ల శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివింది. నీళ్ళ అడుగున రోబోలను నడిపే కంపెనీలో చేరింది. ఈ పంపుహౌసులో మురుగుకి అడ్డం పడిందేమిటో వెతికే పని వచ్చిందని తెలిసి నేను వెళ్తానని తానే అడిగింది. నాన్న ఇక ఆ నూతిలో దిగకూడదు. ఆమెకి కావలసింది అదొక్కటే.

అయితే రెండు రోజులు గడిచినా అడ్డం ఎక్కడుందో తేలలేదు. మూడో రోజు, అంటే ఇవాళ సాయంత్రానికి, రోబో వేరే ఊరు వెళ్ళిపోవాలి. అసిరయ్య రాత్రే చెప్పేశాడు: "మీ తాబేలు వల్ల కాకపోతే రేపు నాను దిగుతాను. ఆ పల్లపు ఈదిలో ఇళ్ళలోకి మురుగొచ్చీసింది. పసిపిల్లలున్నారు. సూస్తా కూకోమంటావేటి?"

దానికి తోడు, తీగ పట్టుకునే సహాయకుడికి జ్వరం. కూర్మయ్య పట్టుకునేవాడే గానీ, ఆయనకి కంటి ఆపరేషనై పది రోజులైంది. ఇక మిగిలింది అసిరయ్య.

పంపుహౌసు దగ్గర ఇనుప మూత తీయించి, గాలి పరీక్ష చేసి, అరుణశ్రీ తండ్రికి మరోసారి చెప్పింది. "తీగ వదలాలి, తీసుకోవాలి. అంతే నాన్నా. గట్టిగా లాగకు, లోపల సన్నటి వైర్లు తెగిపోతాయి. ఏటున్నా నేను నోటితో చెప్తాను."

"మోకు పట్టడం నాకు నేర్పుతన్నావేటే, గుంటా?"

"నువ్వెప్పుడు పట్టినావు? పట్టినోడు మావ. నువ్వు కట్టించుకున్నోడివి."

అసిరయ్య నవ్వాడు. నిజమే మరి. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారైనా ఒడ్డున నిలబడలేదు.

అరుణశ్రీ గొడుగు కింద కూర్చుని రోబోను దింపింది. కెమెరా తెర బొగ్గులా నల్లగా అయిపోయింది. రెండో తెర మీద మాత్రం శబ్దం గీసిన బొమ్మ నారింజ రంగులో విసనకర్రలా విచ్చుకుంది. నూతి గోడ, గోడకి గుండ్రటి నోరు. వీధుల నుంచి మురుగు వచ్చే గొట్టం అదే. ఆమె రోబోను నెమ్మదిగా ఆ నోట్లోకి పంపింది.

వెనకాల అసిరయ్య నిలబడ్డాడు. మోకు పట్టినవాడు కూర్చోకూడదు, మాట్లాడకూడదు, మోకును గుంజకి కట్టకూడదు. అది వాళ్ళ పనిలో కట్టుబాటు. దిగినవాడికి నోరు ఉండదు గనక మోకే మాట. ఒక్క కుదుపంటే బాగానే ఉన్నానని. రెండంటే వదులు చెయ్యమని. మూడంటే లాగీమని. అసిరయ్య పెదాలు మాత్రం కదులుతున్నాయి. చేతులు బార్లా చాపి, ఎన్ని బారలు వదిలాడో లెక్కపెట్టుకుంటున్నాడు.

తొమ్మిదో బార దాటాక తెర మీద గుండ్రటి గొట్టం గుండ్రంగా లేదు. పైభాగం విరిగి లోపలికి కూలినట్టుంది. ఎదురుగా పెద్ద పెచ్చు అడ్డంగా పడి ఉంది. అరుణశ్రీ రెండు రోజులుగా వెతుకుతున్నది అదే. ఇంకొంచెం దగ్గరికి పోనిచ్చింది. అంతే, ఒక పంకాలో చిరిగిన గోనెలేవో చుట్టుకున్నాయి. రోబో ముందుకి పోదు, వెనక్కి రాదు. విడిపించుకోవాలని ఆమె దాన్ని వెనక్కి ఒకసారి ఉరికించింది. రాలేదు. మళ్ళీ. ఇంకోసారి.

"పిలిచినాడే!"

ఆ కేకకి ఆమె తిరిగి చూసేసరికి అసిరయ్య కాలు నూతి గట్టుకి తన్నిపెట్టి, పళ్ళు బిగించి, తీగను చేతి మీద చెయ్యి వేసి లాగుతున్నాడు. "నాన్నా, ఒగ్గీ! ఒగ్గీ!" అంటున్నా వినిపించుకోలేదు. రెండు తెరలూ ఒకేసారి ఆరిపోయాయి. కాసేపటికి చిన్న కూర్మయ్య గోనెపీలికలు వేలాడేసుకుని, దీపాలు ఆర్పుకుని, గట్టు మీదికి వచ్చి పడింది. అసిరయ్య దాన్ని రెండు చేతులా ఎత్తుకుని బోర్లా తిప్పాడు, నీళ్ళు మింగిన మనిషిని తిప్పినట్టు.

"ఏటి సేసినావు నాన్నా! లోపల వైర్లు తెగిపోనాయి. లాగొద్దన్నానా?"

"మూడు కుదుపులమ్మా." ఆయన రొప్పుతున్నాడు. అరచేతులు ఒరుసుకుపోయాయి. "ఒకటి... రెండు... మూడోది కూడా వచ్చీసింది. నాకేటీ తోచనేదు."

అరుణశ్రీకి కోపం వచ్చిన దారినే పోయింది. కంపెనీకి ఫోను చేసి, తీగ తెగింది, తప్పు నాదే అని చెప్పింది.

పంపుహౌసు ఇంజనీరు నారాయణమూర్తి తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు. మంచివాడే. కానీ పొద్దుటి నుంచి పల్లపు వీధివాళ్ళ ఫోన్లు ఎత్తి ఎత్తి ఆయన ముఖం పీక్కుపోయింది. "మనిషిని దింపకూడదు. చట్టం ఒప్పుకోదు. నేను దిగమని చెప్పను," అన్నాడు. చెప్పి, అసిరయ్య వైపు చూశాడు.

ఆ చూపు అరుణశ్రీకి తెలుసు. ఇన్నేళ్ళూ ఆ చూపుకే నాన్న చొక్కా విప్పేవాడు. ఆమె లేచి అడ్డంగా నిలబడబోయింది.

అసిరయ్య తన అరచేతుల వైపు చూసుకుంటున్నాడు. "దిగనండి బాబూ," అన్నాడు.

"అసిరయ్యా?"

"మరి దిగనండి. పైనున్నోడి పానం ఏటవుతాదో ఇంతకాలం నాకు తెల్దు."

అరుణశ్రీ ఒక్క క్షణం తండ్రినే చూసి, గబగబా లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళింది. రోబో చచ్చినా అది చూసింది చావలేదు. చివరి బొమ్మ లాప్‌టాప్‌లో భద్రంగా ఉంది. "సార్, గొట్టం పైన విరిగింది. పెచ్చు అడ్డం పడింది. రోబోకి రెండు మీటర్ల ముందు. కానీ రోబో ఎంత దూరం వెళ్ళిందో..." అని ఆగింది. ఆ దూరం రాసేది జ్వరంతో పడుకున్న సహాయకుడు.

"తొమ్మిది బారలూ ఒక మూరా," అన్నాడు అసిరయ్య. "అందులో నూతి లోతుకి రెండు బారలు పోవాల. మిగిలింది అడ్డంగా ఎల్లింది."

తండ్రీ కూతుళ్ళు అదే తీగను గొట్టం పోయిన దారినే రోడ్డు మీద పరిచారు. అసిరయ్య వంగి బారలు చాపుతూ కొలిచాడు. దాని మీద అరుణశ్రీ రెండు మీటర్లు వేసి సుద్దముక్కతో గీత గీసింది. గీత సరిగ్గా టీ కొట్టు బల్ల ముందు పడింది. "నా బేరం పాడైపోనాది," అన్నాడు కొట్టు భాస్కర్, తానే బల్ల జరుపుతూ. జేసీబీ వచ్చి తవ్వితే, గీతకి జానెడు అవతల, పగిలిన గొట్టం బయటపడింది. సాయంత్రానికి పల్లపు వీధిలో నీళ్ళు వెనక్కి తీశాయి.

దీపాలవేళకి కూర్మయ్య వచ్చాడు. రెండూళ్ళ కబుర్లు ఒక్క నోట్లో మోసుకు తిరిగే మనిషి ఆయన. గడపలోంచే మొదలెట్టాడు. "ఏటి బావా, నా పేరున్నోడి నడుం ఇరగ్గొట్టీసినావంట! మోకు పట్టడం అంటే నీలాగ నీళ్ళలో పడి దొర్లడం అనుకున్నావేటి? దానికో ఇది ఉన్నాది!"

ఈశ్వరి నవ్వుతూ ఆయన చేతికి టీ గ్లాసిచ్చింది. అసిరయ్య చేతులకి ఆవిడ పసుపూ వెన్నా రాసి గుడ్డ కట్టింది. ఆయన కూర్మయ్యని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బావా, ఒక మాట. నాను లోపలున్నంతసేపూ నీకు ఇలాగే ఉండేదా?"

"ఎలాగ?"

"గుండి గొంతుకలోకి వచ్చీసి. రెండో కుదుపు వచ్చినాక, మూడోది వస్తాదా రాదా అని. పతీసారీ అలాగే ఉండేదా? ఇరవై ఏళ్ళూనా?"

కూర్మయ్య, మోకు ఒరిసి కాయలు కాసిన తన అరచేతిని బావ కట్ల పక్కన పెట్టాడు.

"మరి దిగనులే," అన్నాడు అసిరయ్య. "ఇంజనీరు బాబుకి సెప్పీసినాను."

కూర్మయ్య గ్లాసు కింద పెట్టాడు. లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పక్కనుంచి వెళ్తూ బావ తల మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. "అన్నా, నీకూ వండుతన్నాను, తినెల్లు," అని ఈశ్వరి పిలుస్తున్నా ఆగకుండా గడప దాటి వెళ్ళిపోయాడు.