చెయ్యి మారిన సుకుటి

బెంగళూరు వదిలి గుంతకల్లులో దిగిన రోజు ఆదెన్న దగ్గర నలభై వేల రూపాయలు, మూడంతస్తుల మోమో గిన్నె, నేపాలీ హోటలు వంటింట్లో తొమ్మిదేళ్లు నేర్చుకున్న పని ఉన్నాయి. వెంట భార్య హనుమంతమ్మ, హోటల్లో తోటి పనివాడు ప్రేమ్ బహదూర్ ఉన్నారు. బండికి ఎంత, గ్యాసుకు ఎంత, పిండికి ఎంత అని అన్నిటికీ ఆదెన్న ఖరీదు కట్టుకున్నాడు. ప్రేమ్ బహదూర్ ముఖానికి మాత్రం కట్టలేదు. అది పెట్టుబడి కిందికి వస్తుందని అప్పుడు తోచలేదు.

రెండేళ్లు గడిచాయి. ఈ ఆదివారం సాయంత్రం ఐదు దాటింది. రైల్వే క్వార్టర్లకు పోయే దారిలో, గురుమూర్తి శెట్టి స్టీలు సామాన్ల అంగడి ముందు, బండి మీద నూట అరవై కోడి మోమోలు ఆవిరి పట్టి ఉన్నాయి. అమ్ముడైనవి పదహారు. ప్రేమ్ ఉన్నప్పుడైతే ఈ పాటికి రెండో వాయి ఎక్కేది.

ప్రేమ్ నేపాలీ టోపీ పెట్టుకుని ముందు నిలబడి వడ్డించేవాడు. ఆదెన్న, హనుమంతమ్మ అంగడి వెనక రేకుల కింద పిండి కలిపి, మాంసం తరిగి, మోమోలు మడిచేవాళ్లు. తుక్పా నూడుల్సు ఉడికించేది, మాంసం కూరి షాఫాలే రొట్టెలు వేయించేది, నువ్వుల చట్నీలో వేయించిన చెనిక్కాయ పప్పు కలిపి ఈ ఊరి నోటికి సరిపెట్టింది ఆదెన్నే. అన్నిటికంటే పేరు తెచ్చింది సుకుటి. పొట్టేలు మాంసాన్ని వేలెడు పొడుగు పీలికలుగా కోసి, ఎండబెట్టి, దంచి, ఆవనూనెలో వేయించి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, నాలుక జివ్వుమనిపించే టిమ్మూరు మిరియం వేసి కలుపుతారు. కిలో ఎనిమిది వందల మాంసం ఎండితే మూడు వందల గ్రాములు. ప్లేటు నూట ఎనభై.

రెండు నెలల కిందట తండ్రి తుంటి విరిగిందని ప్రేమ్ ఊరికి పోయాడు. పోయిన వారం, ఇక రానని ఫోను చేశాడు. ఇన్నాళ్లూ సుకుటి ఎండేది ప్రేమ్ అద్దెకున్న మేడ మీది గదిలో, ఎవరి కంటా పడకుండా. మనిషే లేనప్పుడు గదికి నెలకు పదిహేను వందలు దండగ అని ఆదెన్న దాన్ని ఖాళీ చేశాడు. అంగడి వెనక రెండు మేకులు కొట్టి ఇనుప తీగె కట్టాడు. ఎండ ఎక్కడైనా ఒకటే అనుకున్నాడు.

లోకో షెడ్డులో ఫిట్టరు ప్రతాప్ మొదటి నుంచీ ఆదివారం గిరాకీ. ఈవేళ ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా, బహదూర్ ఇంగా రాలేదే?"

"ఇంగ రాడన్నా. వాళ్ల నాయన మంచాన పడినాడంట."

"మల్ల ఇవన్నీ ఎవురు చేస్తాండేది?"

"మొదుట్నుంచీ నేనే. ఆయప్ప పెట్టేటోడు, నేను చేసేటోణ్ణి."

"అట్లయితే రెండేండ్లు నేపాలు అనుకోని నిన్నే తింటాండామా మేము?"

స్నేహితులు నవ్వారు. ఆదెన్న కూడా నవ్వాడు. మూడు సుకుటి చెప్పారు. అవి కలిపి ముందు పెట్టేలోగా ప్రతాప్ చెయ్యి కడుక్కోవడానికి వెనక డ్రమ్ము దగ్గరికి పోయాడు. అక్కడ హనుమంతమ్మ తీగె మీది పీలికలను ఒక్కొక్కటే తిరగేస్తూ ఉంది.

అతను తిరిగొచ్చి కూర్చోలేదు. స్నేహితులు అప్పటికే రెండు ముక్కలు నోట్లో వేసుకున్నారు.

"వెనకాల అవి ఏం తునకలప్పా?"

"సుకుటే అన్నా. మీ ముందర ఉండేది అదే."

"సుకుటి అట్ల తీగె మింద ఏస్తారా? మీది యా ఊరు?"

"నల్లమాడ తావ."

"ఊర్లోనా?"

ఆదెన్న చేతిలోని గరిటె నూనెలో ఆగింది. "కాలనీలో" అన్నాడు.

ఎండు తునకలు తీగె మీద కనబడితే అవి ఎవరి ఇంటివో ఇక్కడ తెలియనివాళ్లు లేరు. ఎవరి ఇంటివో తెలిశాక, ఏ మాంసమో కూడా తెలిసిపోయిందనే అనుకుంటారు. ఒక స్నేహితుడు లేచి కాలువలో ఉమ్మాడు.

ఆదెన్న జేబులోంచి పొద్దుటి మటన్ అంగడి చీటీ తీశాడు. "పొట్టేలన్నా. రెండు కిలోలు. సూడండి, తారీకు కూడా ఉండాది."

ప్రతాప్ చీటీ చూడలేదు. ఐదు వందల నోటు ఒకటి, నలభై చిల్లర బండి మీద పెట్టాడు. "మాకేం పట్టింపు లేదప్పా. ఇంట్లో ఆడోళ్లు ఒప్పుకోరు. నువ్వేం అనుకోవద్దు." మర్యాదగానే చెప్పాడు. మోమోల కోసం నిలబడిన ఇంకో ఇద్దరు కూడా ఏదో పని గుర్తొచ్చినట్టు కదిలారు.

గురుమూర్తి అంతా గల్లా దగ్గర నుంచే చూశాడు. ఆయన మాంసం ముట్టడు. అంగడి ముందు చోటుకు రోజుకు నూట యాభై, ముందు పట్టిన అడ్వాన్సు పదివేలు ముట్టాడు. మెట్ల మీదికి వచ్చి నిదానంగా అన్నాడు.

"సరుకులో తప్పు లేదు ఆదెన్నా. మొగంలో ఉండాది. స్టేషను కాడ హోటల్లో డార్జిలింగ్ పిల్లోడు ఒగడు ఉండాడు. వాన్ని ముందర నిలబెడ్తా. బండి నాకిచ్చెయ్. నువ్వు నా గోడౌన్లో వండుకో, దినానికి నాలుగు వందల యాభై. ఎండాకాలం, వానాకాలం ఏం తేడా లేదు. నీ పెండ్లాం మాత్రం ఈడ కనపడగూడదు. ఆ తీగె ఇప్పుడే పీకెయ్."

ఇరవై ఆరు రోజులు, పదకొండు వేల ఏడు వందలు. ఆదెన్న మనసు తన అలవాటు చొప్పున కూడేసింది. బెంగళూరు పోకముందు చెనిక్కాయ వేసి నాలుగేళ్లు వాన కోసం చూసినవాడు అంత ఖాయమైన రాబడిని ఎప్పుడూ ఎరగడు. కాదంటే అడ్వాన్సు వెనక్కి రాదు, ఇంకో అంగడి ముందు చోటూ దొరకదు. ఈ మాట సోమవారం నాటికి క్వార్టర్లన్నిటికీ పాకుతుంది. బేరంగా చూస్తే మంచి బేరం.

హనుమంతమ్మ వెనక నుంచి వచ్చింది. అంతా విన్నట్టే ఉంది. గిరాకీలు కూర్చునే స్టూలు మీద మొదటిసారి కూర్చుని, ప్రతాప్ ముట్టని ప్లేటు ఒళ్లో పెట్టుకుని తినసాగింది.

"ఉప్పు సరిపోయినాది" అంది భర్తతో. "టిమ్మూరు ఇంగొంచెం పడల్ల."

గురుమూర్తి ఆమెవైపు చూడలేదు. "తీగె అన్నా కదా" అన్నాడు.

"తీసేది లేదు సామీ" అన్నాడు ఆదెన్న.

"ఏమీ?"

"ఇంగా ఆర్లేదు. రెండు దినాల ఎండ కావల్ల."

"రెండు దినాలైనంక?"

ఆదెన్న మోమో గిన్నెకు మూత పెట్టాడు. శెట్టి లోపలికి పోయి, బండికి ఇచ్చిన కరెంటు తీగె ఊడబీకాడు. బండి మీది బల్బు ఆరిపోయింది. పడమటి ఎండ ఇంకా కొంచెం ఉంది కాబట్టి పెద్దగా తేడా తెలియలేదు.

ఆదెన్న లెక్క చూసుకున్నాడు. నలభై వేలు బండి అయింది, గిన్నెలయింది, శెట్టి గల్లాలో అడ్వాన్సయింది. నూట నలభై నాలుగు మోమోలు చల్లారుతున్నాయి. ప్రేమ్ బహదూర్ లేడు. రాబడి కింద చూపడానికి వెనక సగం ఆరిన రెండు కిలోల మాంసం ఉంది, అది వేలాడే, పీకెయ్యమన్నా పీకని తీగె ఉంది.