డ్రోన్ మెడకు గంధం

నేను ఒక ట్రైపాడ్‌ని. కెమెరాను నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడే మూడు కాళ్లదాన్ని. కుళ్లుబోతుదాన్నని ముందే చెప్పేస్తున్నాను, తరవాత కనిపెట్టి ముక్కున వేలేసుకోకండి.

అల్యూమినియం గొట్టాలుగా పుట్టి, కార్ఖానాలో మరలు బిగించుకుని, రాజమండ్రిలో ఒక పత్రికా ఫొటోగ్రాఫరు చేతిలో పడ్డాను. ఆయన మోకాళ్లు నావంత గట్టివి కావు కాబోలు, కొన్నేళ్లకు నన్ను కడియంలో పెళ్లి వీడియోలు తీసే ధనరాజుకు ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. ధనరాజు ఇంట్లో నాదే పెత్తనం. దసరా ఆయుధపూజకు అతని భార్య మంగతాయారు మొదటి బొట్టు నాకే పెట్టేది.

ఆ డ్రోన్ వచ్చేదాకా.

ఇంతోటి పురుగు. నాలుగు రెక్కలూ, ఒకటే రొద. దానికి మెత్తటి సంచీ, నాకు తలుపు మూల. ధనరాజు దాన్ని ఒళ్లో పెట్టుకుని తుడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ దసరాకు మొదటి బొట్టు దానికే. పైగా మంగతాయారు నన్ను చూపించి, "ఏవండీ, దీన్ని ఉల్లిపాయల బండోడికి వేసేద్దామా? పాత ఇనుముకి బానే ఇస్తన్నాడు" అంది. నేను ఇనుమట! ధనరాజు వద్దనలేదు, పండగ వెళ్లాక చూద్దామన్నాడు.

అంతలో ఆవిడ భక్తి ఎక్కువై డ్రోన్ కెమెరా మెడకు చిక్కటి గంధం పట్టించింది. ఆ మెడ అటూ ఇటూ తిరుగుతూ బొమ్మ వణక్కుండా చూసుకుంటుంది. గంధం ఎండితే ఇంకేం తిరుగుతుంది? నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

మర్నాడు ఏసుబాబు గారి నర్సరీలో హైపర్‌లాప్స్ వీడియో. డ్రోన్ గాల్లో మెల్లగా కదులుతూ ఆగి ఆగి ఫొటోలు తీస్తుంది. అవి కలిపితే లారీలకు మొక్కలెత్తే హడావిడంతా చిటికెలో పరిగెత్తుతుంది. పరిగెత్తింది, పూనకం వచ్చినట్టు ఊగుతూ. ధనరాజు కంప్యూటర్లో ఆ కుదుపులు తీసేసరికి బొమ్మ అంచులు కోతపడి, అంచునున్న నర్సరీ బోర్డు ఎగిరిపోయింది.

"మా బోర్డేదండీ? పక్కోళ్ల తోటకి తీసినట్టుంది," అన్నాడు ఏసుబాబు. రేపు కూడా ఇలాగే వస్తే వేరేవాళ్లను పిలుస్తానన్నాడు. ఆయన మెచ్చుకుంటే కడియం నర్సరీల పనంతా తనకే వస్తుందని ధనరాజు ఆశ. పాపం, అతని మొహం వాడిపోయింది. నేను లోలోపల గంతులేశాను.

మంగతాయారు తన నిర్వాకం తెలుసుకుని గంధమంతా దూదితో తుడిచింది. రెండోరోజు ధనరాజు డ్రోన్‌ను తోట చుట్టూ తిప్పుదామనుకున్నాడు. అలా తిరగాలంటే మధ్యలో కదలని గురి ఒకటి కావాలి. బంతిపూల గంపను గురి పెడితే, కూలికొచ్చిన ఒకావిడ దాన్ని నెత్తికెత్తుకుని నడిచింది, డ్రోన్ ఆవిడ వెంట పడింది. అప్పుడతను అలవాటుకొద్దీ తన బండిలో వేసుకొచ్చిన నన్ను తీసి తోట నడుమ నిలబెట్టాడు. పైనుంచి కనబడాలని నా నెత్తికి ఎర్ర గొడుగు కట్టాడు.

"నువ్వు కదలకే తల్లీ," అన్నాడు.

కదులుతానా? మెత్తసంచీ మహారాణి నా చుట్టూ ప్రదక్షిణలు చేసింది, మొక్కున్నదానిలా. బోర్డుతో సహా వీడియో వెన్నలా వచ్చింది. ఏసుబాబు మురిసిపోయి తోటి నర్సరీల వాళ్లందరికీ చెబుతానన్నాడు. ఇక నా మాటే ఎత్తుతాడని కాచుకున్నాను.

"అన్నిటికన్నా ఆ గొడుగు భలేగుందండి," అన్నాడు.

ఉల్లిపాయల బండి గండం తప్పింది. ఏడాది తిరిగి ఈ దసరాకు మంగతాయారు కుంకుమ భరిణె తెచ్చి మొదటి బొట్టు గొడుగుకు పెట్టింది. నేనూ డ్రోనూ తలుపు మూల పక్కపక్కనే ఉండి చూశాం. ఇప్పుడు డ్రోన్ మీద నాకేమీ కోపం లేదు.