మూడును ఎనిమిదని రాశాను

గుంతల్లో నీళ్లు పోసి కూర్చోవడం నా ఉద్యోగం. ఇల్లు కట్టుకునేవాళ్లు సెప్టిక్ ట్యాంకుకి ఇంకుడు గొయ్యి తవ్వేముందు, ఆ నేల మురికినీటిని ఎంత వేగంగా పీల్చుకుంటుందో చూసి కాగితం రాసివ్వాలి. ఆఫీసులో నన్ను గుంతల మేడమ్ అంటారు. మా తమ్ముడైతే, "మట్టి పిసుక్కున్నందుకు మా అక్కకి జీతం కూడా ఇస్తారు" అని పదిమందినీ నవ్విస్తాడు. వెధవ! వాడి కోసమే నేను ఆ కాగితం మీద అబద్ధం రాశాను.

ఆరేళ్ల కిందటి మాట. వాడు కొన్న స్థలంలో గుంత తీయించి, ఒకరోజంతా నానబెట్టి, స్కేలు గుచ్చి గడియారం పట్టుకుని కూర్చున్నాను. అంగుళం నీళ్లు మూడు నిమిషాల్లో దిగిపోయాయి. కింద అంతా ఇసుకే. అయిదు నిమిషాలకన్నా తక్కువ పడితే ఆ నేలకు అనుమతి లేదు. నీళ్లు అంత తొందరపడితే మురికిని వడకట్టే తీరిక మట్టికి ఉండదు, అదంతా పక్కనున్న బావిలోకి చేరుతుంది.

"ఇంత బాగా ఇంకుతుంటే ఇంకా ఏంటక్కా నీ గోల? రేపు మేస్త్రీ వస్తున్నాడు," అన్నాడు తమ్ముడు.

"మరీ ఎక్కువ ఇంకినా ముప్పేరా సన్నాసీ."

"నీ తమ్ముడి ఇల్లే కదా. ఎవరు చూడొచ్చారు?"

విసుగొచ్చింది. వాడి మొహం చూస్తే జాలి కూడా వేసింది. ఎనిమిది అని రాసి సంతకం పెట్టాను.

ఈ ఏడాది వాళ్లకు పాప పుట్టింది. మరదలికి పాలు చాలక డబ్బాపాలు మొదలుపెట్టింది. నేను పెద్ద తెలిసినదానిలా ఫోన్‌లో, "బావి నీళ్లు అలాగే కలిపేయకు తల్లీ, పది నిమిషాలు మరగనివ్వు," అని చెప్పాను. మూడో నెలలో పాప పెదాలు నీలం తిరిగాయి. ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే పోయింది. రక్తం ప్రాణవాయువును మోయలేకపోయిందని, ముందు ఆ బావి నీళ్లు పరీక్ష చేయించమని డాక్టరు చెప్పాడు.

సీసా నింపి ల్యాబుకు నేనే తీసుకెళ్లాను. మురికినీటి నుంచి వచ్చే నైట్రేటు లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాములు దాటకూడదు. తొంభై ఎనిమిది ఉంది. పెద్దవాళ్లు తాగితే ఏమీ తెలియదు, నెలల పిల్లలకు విషం. పైగా మరిగిస్తే పోయేది కాదది. నీళ్లు ఆవిరైపోయి, గిన్నెలో అది ఇంకా చిక్కబడుతుంది. నాకిది తెలియదా? పరీక్ష రాసి పాసైనదాన్ని. ఆ రోజు ఫోన్‌లో నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో!

రిపోర్టు సంచిలో పెట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్లాను. హాల్లో అమ్మ గొణుగుతోంది. "సీసాలు సరిగ్గా కడిగి ఉండదు. ఈ కాలం పిల్లలకి ఒళ్లు వంగితే కదా." తమ్ముడు తల దించుకు కూర్చున్నాడు, పెళ్లాం తరఫున ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మండాల్సింది నా మీదే.

వంటింట్లో మరదలు పాలసీసాలు కడుగుతోంది.

"ఇప్పుడెందుకమ్మా అవి?"

"ఇంకా జిడ్డేమైనా ఉందేమోనని, వదినా. నేనే సరిగ్గా కడగలేదేమో."

హాల్లోకి కూడా వినపడేలా గట్టిగా చెప్పాను. "సీసాల్లో ఏమీ లేదు. నీళ్లల్లో ఉంది. ఆ గొయ్యి అక్కడ ఉండకూడదు. నేను దొంగ లెక్క రాశాను. నీ తప్పు ఇసుమంతైనా లేదు. ఆ బావి నీళ్లు ఇక ఎవరూ నోట్లో పోసుకోవద్దు."

హాల్లో గొణుగుడు ఆగిపోయింది. మరదలు అరుస్తుంది, చెంప పగలగొడుతుంది అనుకున్నాను. ఆమె చేతులు తుడుచుకుంది.

"మరి నేను మరగబెట్టానుగా, వదినా? మీరు పది నిమిషాలన్నారు. నాకు భయమేసి రోజూ అరగంట మరిగించేదాన్ని. సగం ఇగిరిపోయేదాకా." నా మొహంలోకి చూసింది. "చాల్లేదా? ఇంకాసేపు మరిగించాల్సిందా?"

రిపోర్టు నా సంచిలోనే ఉంది.

"సరిపోయింది తల్లీ. నువ్వేమీ తక్కువ చేయలేదు," అన్నాను.

ఆ ఇంటికి నేను చెప్పిన రెండో అబద్ధం అది. పాప పోయాక మొదటిసారి ఆమె బావురుమంది, నా భుజం మీద తల పెట్టుకుని.