వంద లోపు

డాబా మీద ఇనుప తాడును గుప్పెట్లో పట్టి జానెడు జానెడు తడిమి చూస్తున్నాడు లంగరు. పోగు తెగి ఉంటే తోలు గ్లౌజుకు గుచ్చుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే చేసే పనే. ఈ రోజు మాత్రం మధ్యలో రెండుసార్లు ఆగి పిట్టగోడ పట్టుకోవలసి వచ్చింది. కళ్ల ముందు సన్నటి చుక్కలు లేచి, ఒక్కొక్కటే అణిగిపోయాయి.

ఇనుప తాళ్లకు వేలాడే తొట్టిలో నిలబడి ఎత్తైన భవనాల అద్దాలు తుడవడం అతని పని. ఆరడుగుల మనిషి, పీపా లాంటి ఛాతీ, భుజాల్లో కలిసిపోయిన మెడ. గాలి వీచే రోజుల్లో అతను తమ తొట్టిలో ఉండాలని పనివాళ్లు పోటీ పడేవారు. అతను నిలబడితే తొట్టి ఊగదని వాళ్ల నమ్మకం. లంగరు అన్న పేరు అలా పడిందే. కోపం వస్తే భార్య కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది.

ఆరు వారాల కిందట కంపెనీ కొత్త నడుం బెల్టులు తెచ్చింది. వాటికి కుట్టిన చీటీ మీద వంద కిలోలు అని రాసి ఉంది. సూపర్‌వైజర్ అందరినీ తూచాడు. లంగరు నూట తొమ్మిది తూగాడు.

"ఆరు వారాలు టైమిస్తాను. వంద లోపు రావాలి. రాకపోతే నిన్ను పైకి పంపలేను" అన్నాడు సూపర్‌వైజర్. చెడ్డవాడేం కాదు. ఆ మాట చెబుతున్నంతసేపూ కాగితం వంకే చూశాడు. ఆ గడువు ఈ సాయంత్రం నాలుగింటికి తీరుతుంది.

ఫోన్లో తిండి లెక్కల యాప్ పెట్టింది కూతురు. వేరే ఊళ్లో నర్సు. "తిన్నదంతా ఇందులో రాయి నాన్నా. నా ఫోన్లోనూ కనపడుతుంది. దొంగతిండి తిన్నావో, పట్టేస్తాను" అంది. మొదటి నెల సాఫీగానే గడిచింది. భార్య రొట్టెలు కూడా తూచి బాక్సులో పెట్టేది. ఏడు కిలోలు తగ్గాడు. యాప్ తెర మీద రంగు కాగితాల వాన కురిపించింది. ఆ తర్వాత నూట రెండు దగ్గర అంకె మొండికేసింది. వారం రోజులు కదల్లేదు.

అప్పుడు తిండి మానేశాడు. యాప్ ఊరుకోలేదు. 'మీరు చాలా తక్కువ తిన్నారు' అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. పది నిమిషాల్లో కూతురు ఫోన్ చేసింది. మర్చిపోయి రాయలేదని బొంకాడు. అప్పటి నుంచి తినని తిండి తిన్నట్టు రాయడం మొదలుపెట్టాడు. రెండు రొట్టెలు, కప్పు కూర, ఉడికించిన గుడ్డు. రాస్తుంటే నోరూరేది. నిన్న రాత్రి, ఎందుకో, అర కప్పు పెరుగు అదనంగా రాసుకున్నాడు. కూతురు మెచ్చుకుంటూ ఎర్ర గుండె బొమ్మ పంపింది. భార్య కట్టిన బాక్సును ఐదు రోజులుగా గేటు దగ్గరి వాచ్‌మన్ తింటున్నాడు. రాత్రిళ్లు బయటే తినొచ్చానని భార్యతో అంటున్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్లు కూడా ముట్టలేదు.

"ఎక్కుదామా బావా?" అన్నాడు బావమరిది తొట్టి అవతలి చివర నుంచి.

భార్యకు తమ్ముడు, పద్నాలుగేళ్లుగా తొట్టిలో జోడీ. పొడుగ్గా, ఎండుపుల్లలా ఉంటాడు. ఈ పనిలోకి తెచ్చింది లంగరే. మొదటిరోజు భయంతో తొట్టిలో చతికిలబడితే, కాలరు పట్టుకుని లేపి నిలబెట్టిందీ అతనే.

తొట్టికి రెండు చివర్లా రెండు మోటార్లు, రెండు మీటలు. ఇద్దరూ కలిసి నొక్కితేనే సమంగా దిగుతుంది. ఒక పక్క వాలితే రెండూ ఆగిపోతాయి. ఆ తర్వాత పైకి లేచిన చివర మీట ఒక్కటే పనిచేస్తుంది.

ఇరవై నాలుగో అంతస్తు నుంచి మొదలుపెట్టారు. సబ్బునీళ్లతో అద్దం తడపడం, రబ్బరు పట్టీతో పై నుంచి కిందికి లాగడం. ఇరవయ్యో అంతస్తులో ఒకామె బల్ల దగ్గర కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటోంది. లంగరు అదే అద్దాన్ని మూడుసార్లు తుడిచాడు. ఆమె తలెత్తి చూసి, ప్లేటు పట్టుకుని అటు తిరిగి కూర్చుంది.

పదిహేడో అంతస్తు దగ్గర యాప్ గుర్తుచేస్తూ ఫోన్ కూసింది. లంగరు గ్లౌజు విప్పి రాయసాగాడు.

"ఏం రాస్తున్నావు?" అన్నాడు బావమరిది.

"మధ్యాహ్నం తిండి."

"ఇంకా తినలేదుగా."

"తింటాను."

"బాక్సేదీ మరి? పొద్దున అక్క నా ఎదురుగానే కట్టిందే."

లంగరు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. "పద, కిందికి" అని మీట నొక్కాడు.

వేలు మీట మీద నుంచి ఎప్పుడు జారిందో అతనికి తెలియలేదు. అతని చివర నిలిచిపోయింది. బావమరిది చివర మాత్రం దిగుతూనే పోయి, మూరెడు వాలాక గట్టిగా కుదిపి ఆగింది. సబ్బునీళ్ల బకెట్టు దొర్లుకుంటూ వెళ్లి అంచు మీద నుంచి ఒలికింది. ఆ నీళ్లు నేలను తాకిన చప్పుడు వాళ్ల దాకా రాలేదు. లంగరు మోకాళ్ల మీద పడి ఉన్నాడు. బెల్టు తాడు బిగుసుకుని నడుమును కోస్తోంది.

"బావా. నీ మీట నొక్కాలి. నాది పనిచెయ్యదు."

మాట ఎక్కడో గోడ అవతల నుంచి వచ్చినట్టుంది. మీట ఎటుందో కనపడలేదు. బావమరిది అంచు పట్టుకుని అంగుళం అంగుళం పైకి పాకాడు. అతను కదిలినప్పుడల్లా తొట్టి అద్దానికి తగిలి గీరుకుంది. తన సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలోకి టీ వంపాడు.

"తాగు. పంచదార ఉంది."

లంగరు పెదాలు బిగించాడు. "నాలుగింటికి తూకం."

"ఏంటి?"

"ఇది రెండొందల గ్రాములుంటుందిరా."

బావమరిది అతని మొహంలోకి చూశాడు. గొంతు పెంచకుండానే అడిగాడు. "ఆ తూకంలో నన్ను లెక్కేశావా బావా? నువ్వు పడితే పోయేది నీ ఒక్కడి బరువేనా?"

లంగరు తాగాడు. రెండో మూత కూడా తాగాడు. గాలి రెండుసార్లు వీచి తగ్గింది. కళ్ల ముందు చీకటి చాలాసేపటికి పలచబడి, ముందు ఎర్రటి మీట, తర్వాత దాని మీద తన వేలు కనిపించాయి. నొక్కాడు. తొట్టి చదునైంది.

అక్కడి నుంచి బావమరిది అంకెలు చెబుతూ, ఇతను నొక్కుతూ దిగారు. ఒకటి, రెండు, ఆగు. ఒకటి, రెండు, ఆగు. పదకొండో అంతస్తులో ఎవరో లోపలి నుంచి తెర లాగేశారు. నేల చేరడానికి ముప్పావుగంట పట్టింది.

నాలుగింటికి స్టోరు గదిలో సూపర్‌వైజర్ కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు. సబ్బు డబ్బాలు తూచే కాటా అక్కడుంది. లంగరు బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, పక్కన పెట్టి కాటా ఎక్కాడు. ఎర్ర అంకెలు పైకీ కిందికీ కొట్టుకుని తొంభై తొమ్మిదిన్నర దగ్గర నిలిచాయి.

"సాధించావోయ్. ఏం మంత్రం వేశావు?" సూపర్‌వైజర్ నిజంగానే సంతోషించాడు. సంతకం కోసం కాగితం తిప్పి పెన్ను ఇచ్చాడు.

లంగరు గుమ్మం వైపు చూశాడు. బావమరిది అక్కడ ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. పైన జరిగింది వాడు ఒక్క మాట చెబితే చాలు, ఈ సంతకం ఆగిపోతుంది. చెప్పడు. రేపు మళ్లీ పిలిస్తే, ఏమీ అనకుండా తొట్టి ఎక్కి పక్కన నిలబడతాడు.

లంగరు పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"రేపటి నుంచి మావాడికి వేరే జోడీని చూడండి సార్."

"అదేంటి? తూకం సరిపోయిందిగా."

"సరిపోయింది. ఇందాక పైన కళ్లు తిరిగి పడ్డాను. ఐదు రోజులుగా తిండి లేదు. తింటే వంద దాటతాను. తినకపోతే వీణ్ణి చంపుతాను."

సూపర్‌వైజర్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. "కింద పనులేవీ ఖాళీ లేవు. నీకు తెలుసు."

"తెలుసు సార్."

బెల్టు విప్పి అప్పగించి, ఇంటి నుంచి వేసుకొచ్చిన చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. మెట్టు మీద కూర్చుని, ఐదు రోజులుగా యాప్‌లో రాసిన తిండినంతా ఒక్కొక్కటే చెరిపేశాడు. రొట్టెలు పోయాయి, గుడ్లు పోయాయి, అర కప్పు పెరుగూ పోయింది. ఎర్ర అక్షరాలు వరసగా వచ్చిపడ్డాయి. వెంటనే ఫోన్ మోగింది.

"నాన్నా, ఏంటిదంతా?"

"నిజమేనమ్మా. ఇప్పుడు చూస్తున్నదే నిజం."

బావమరిది వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పని మానేశాను. మీ మామయ్య ఏదన్నా తిందాం రమ్మంటున్నాడు. తిన్నాక రాస్తాను."

"రాయకు" అంది కూతురు. "తిను నాన్నా. ముందు తిను."

బావమరిది చెయ్యి అందించాడు. లంగరు ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. ఇద్దరూ మెల్లగా గేటు దాటి వెళ్లారు.

స్టోరు చూసే మనిషి ఐదింటికి గది ఊడవడానికి వచ్చాడు. కాటా పక్కన బూట్ల జత అడ్డుగా ఉంటే తీసి కాటా మీద పెట్టాడు. ఊడ్చి, తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. మడమలు ఒకవైపుకే అరిగిపోయిన ఆ పెద్ద బూట్ల ముందు, రెండు కిలోల నూరు గ్రాములని ఎర్ర అంకెలు వెలుగుతూ ఉన్నాయి.